దామోదరన్ గారు రుచి చూసిన తొమ్మిదో గ్లాసు

తిరువళ్ళూరు పట్టణాన్ని ఆనుకొని ఉన్న మణవాళనగర్‌లో నివసించే వె. దామోదరన్ గారి వయస్సు యాభై ఒకటి. స్వస్థలం అత్తిమంజేరిపేట. కులవృత్తి చేనేత. ప్రస్తుతం చేస్తున్నది కారు విడిభాగాల కర్మాగారంలో నాణ్యతా పరిశీలకుడి ఉద్యోగం. ఇక ఆయన అభిరుచి, చిన్న చిన్న బట్టీల్లో కాచే బీరును రుచి చూడడం. ఈ చివరి వాక్యం చదివి ముఖం చిట్లించదలచినవారు కొంత ఓపిక పట్టవలసిందిగా మనవి. ఆయన బంధువులు ఆరేళ్ళపాటు ఆ పని చేసే ఉన్నారు. దిగువ వివరాలు ఆయన చెప్పగా, ఆయన భార్య దేవసేన గారు అక్కడక్కడ సరిదిద్దగా రాసినవి.

ఆరేళ్ళ క్రితం, తోటి ఉద్యోగి రత్నస్వామి గారు బెంగుళూరులో ఉన్న తన కుమార్తె ఏంజెలిన్‌ను చూడబోతూ దామోదరన్ గారిని తోడు తీసుకువెళ్ళారు. ఏంజెలిన్ అక్కడ ఒక బీరు బట్టీలో ప్రయోగశాల అధికారిణి. బీరును అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే వడ్డించే చోటు అది. తండ్రికీ ఆయన స్నేహితుడికీ ఆమె నాలుగు చిన్న గ్లాసులు తెచ్చి పెట్టింది. రత్నస్వామి గారు ఒక గుక్క తాగి చేదుగా ఉందని పక్కన పెట్టేశారు. దామోదరన్ గారు మాత్రం గ్లాసును ముక్కు దగ్గర పట్టుకొని ఎంతసేపటికీ తాగలేదు.

“ఏమి అంకుల్, నచ్చలేదా?” అని ఏంజెలిన్ అడిగింది.

“అది గాదమ్మా. మా నాయన గంజికుండ మూత తీసినట్టే ఉండాది.”

ఆ మాటకు కొంత వివరణ అవసరం. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులను, అంటే పడుగును, వీధి పొడవునా సాచి కట్టి, బియ్యపు గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. గంజిని కాచిన నాడే వాడరు. మొదటినాడు అది పాలవాసన వేస్తుంది. రెండోనాటికి పెరుగు వాసనకు తిరిగి, పోగులోకి ఇంకే గుణం వస్తుంది. దానినే పండిన గంజి అంటారు. మూడోనాటికి తడిసిన గోనెసంచి వాసన మొదలవుతుంది. అది పట్టించిన పడుగుకు బూజు పడుతుంది. అత్తిమంజేరిపేటలో వారి వీధికంతటికీ ఆ తేడా నాలుక కొసతో చెప్పగలిగిన మనిషి దామోదరన్ గారి తండ్రి వెంకటపతి గారు. ఆయన తరువాత ఆ పని కుమారుడు చేశారు. వీధిలో మగ్గాలు ఒక్కటొక్కటిగా ఆగిపోవడంతో ఆ నాలుకకు పని లేకుండాపోయింది.

ఆనాటి నుంచి ఆయన రెండో శనివారాల్లో బెంగుళూరు వెళ్ళడం మొదలుపెట్టారు. తిరువళ్ళూరులో కరెంటు రైలు ఎక్కి అరక్కోణంలో దిగి, అక్కడి నుంచి ఉదయపు రైలు పట్టుకొనేవారు. కొత్త బట్టీ తెరిచారన్నా, మామిడికాయల కాలంలో మామిడి వేసి బీరు కాచారన్నా, రాగులతో కాచారన్నా, బీరు ప్రియులు సమావేశమవుతున్నారన్నా తప్పక హాజరయ్యేవారు. ప్రతి రకం రెండు గుక్కలు, అంతకుమించి ముట్టరు. గోధుమ బీరులో నారింజతొక్క ఎంత పడిందో, నల్ల బీరులో గింజ ఎంత మాడిందో నోటుపుస్తకంలో రాసుకొనేవారు. గత సంవత్సరాంతానికి ఆ పుస్తకంలో నూట నలభై మూడు రకాలు చేరాయి. సాయంత్రపు రైలుకు తిరుగుప్రయాణం.

ఏంజెలిన్ పనిచేసే బట్టీ వారు ఏటా సెప్టెంబరులో రుచిపరుల పోటీ ఒకటి నిర్వహిస్తారు. తొమ్మిది గ్లాసుల్లో బీరు ఇస్తారు. కొన్నింటిలో కావాలని ఒక్కొక్క దోషం కలుపుతారు, కొన్నింటిని శుభ్రంగా ఉంచుతారు. ఏ గ్లాసులో ఏ దోషముందో కాగితం మీద రాయాలి. గెలిచినవారికి ఆ బట్టీ రుచిపరుల సంఘంలో శాశ్వత స్థానం లభిస్తుంది. ఆ సంఘం ఒప్పుకోనిదే అక్కడి నుంచి ఒక్క పీపా బయటికి పోదు. పోటీలో ఎవరికైనా రెండు అవకాశాలే. మూడోసారి దరఖాస్తు స్వీకరించరు.

మొదటిసారి పాల్గొన్నప్పుడు దామోదరన్ గారు ఒక నేతగాడు మాత్రమే చేయగల పొరపాటు చేశారు. నాలుగో గ్లాసులో నిర్వాహకులు పెరుగుపులుపును దోషంగా కలిపారు. ఆయన దానికి ఎదురుగా “దోషము లేదు. చక్కగా పండినది” అని రాసి, కింద గీత కూడా గీశారు. ఆ ఒక్క గ్లాసుతో స్థానం చేజారింది.

ఈ వార్త తిరుత్తణికి చేరడానికి ఎక్కువకాలం పట్టలేదు. దేవసేన గారి అన్న తణికాచలం గారికి అక్కడ లుంగీల దుకాణం ఉంది. ఈ సంవత్సరం ఆడికృత్తిక పండుగకు బంధువులందరూ ఆయన ఇంట్లో చేరారు. భోజనాల దగ్గర ఆయన చెల్లెలి భర్తను పట్టుకున్నారు.

“ఏం బావా, ఈ నెల గూడా బెంగుళూరేనా? టాస్మాక్ బ్రాందీ అంగడి మీ వీధి చివర్నే ఉండాది గదా. నడిచి పోయొచ్చు.”

“అది వేరే, ఇది వేరే బావా.”

“ఏంది వేరే? ఈడ నిలబడుకోని తాగుతారు, ఆడ కూర్చోని తాగుతారు. అంతే గదా!” అని ఆయన పంక్తి మొత్తాన్ని కలయజూశారు. “పోటీ పెట్టినారంట. దాంట్లో గూడా ఓడిపొయినాడంట. తాగేదాంట్లో ఓడిపొయ్యే మనిషిని నేను ఇప్పుడే చూస్తా ఉండా!”

ఆకుల ముందు కూర్చున్నవారంతా నవ్వారు. దామోదరన్ గారు తల వంచుకొని సాంబారు అన్నం కలుపుకుంటూ ఉండిపోయారు. వడలు వడ్డిస్తున్న దేవసేన గారు పళ్ళెం కింద పెట్టారు.

“సాలు అన్నా. ఆరేండ్లలో ఈయప్ప ఒక్క దినమన్నా తూలుకుంటా ఇంటికొచ్చింది నువ్వు చూసినావా? నేను చూళ్ళేదు.” తరువాత భర్త వైపు తిరిగారు. “మామా, ఇంకొక్కసారి ఉండాది గదా? పో. గెల్చినావా, మా వాళ్ళెవురూ నోరెత్తకూడదు. ఓడిపొయినావా, నువ్వు ఇంక ఆ పక్క తిరిగి చూడకూడదు.”

“సరే.”

“సుమ్మా ఊరికే సరే అంటే కుదర్దు. ఇంతమంది ముందర చెప్పు.”

ఆయన చెప్పారు. ఓడితే బీరు మాట మళ్ళీ ఎత్తనని, నోటుపుస్తకం కూడా పారవేస్తానని మాట ఇచ్చారు. తణికాచలం గారు అందుకు సాక్షిగా ఇంకొక వడ వేయించుకున్నారు.

పోటీకి దేవసేన గారు కూడా బయలుదేరారు. రైల్లో పెరుగన్నం డబ్బా విప్పితే భర్త నిమ్మకాయ ఊరగాయను పక్కకు నెట్టారు. కారం తగిలితే నాలుక మొద్దుబారుతుందని మూడు రోజులుగా ఆయన ఊరగాయ ముట్టడం లేదు.

“నీకు పెండ్లాం వద్దంటే గూడా నమ్ముతా, ఊరగాయ వద్దంటే ఎట్ల నమ్మేది?” అన్నారు ఆమె. ఆయన నవ్వలేదు. ఆమెకు అప్పుడు మొదటిసారి భయం వేసిందట. ఆ మాట ఆమే చెప్పారు.

పోటీ మధ్యాహ్నం రెండు గంటలకు మొదలైంది. పాల్గొన్నవారు నలభై ఇద్దరు. చూడవచ్చిన బీరు ప్రియులు రెండు వందలకు తక్కువ లేరు. గోడకు వరుసగా పన్నెండు బీరు కుళాయిలు ఉన్నాయి. దేవసేన గారు పుచ్చకాయ రసం తెప్పించుకొని వెనుక బల్ల దగ్గర కూర్చున్నారు.

మొదటి గ్లాసులో వెన్నవాసన, రెండోదానిలో ఉడికిన మొక్కజొన్న, మూడోది శుభ్రం. దామోదరన్ గారు ఒక్కొక్క గ్లాసుకు ఒక్కొక్క గుక్క తీసుకొని, కళ్ళు మూసుకొని, రాసుకుంటూ పోయారు. అయిదోదానిలో పెరుగుపులుపు మళ్ళీ ఎదురైంది. ఈసారి “పులుపు. దోషము” అని రాశారు. తొమ్మిదో గ్లాసు దగ్గర ఆయన చేయి ఆగింది. మిగతావారు కాగితాలు ఇచ్చేసి లేచిపోయిన తరువాత కూడా ఆయన కూర్చునే ఉన్నారు. చివరకు రెండు వాక్యాలు రాసి ఇచ్చారు.

ఫలితాలు ప్రకటించవలసింది ఏంజెలినే. తెలిసిన మనిషి కావడం వల్ల ఆమె ఇంకా కఠినంగా ఉంది. బెంగుళూరుకు చెందిన ఒక యువ ఇంజనీరుకు తొమ్మిదికి తొమ్మిది వచ్చాయి. తిరువళ్ళూరు దామోదరన్‌కు ఎనిమిది. ఆఖరి గ్లాసులో ఏ దోషమూ కలపలేదనీ, ఆయన దోషముందని రాశారనీ ఆమె చదివింది.

చప్పట్లు మోగాయి. దామోదరన్ గారు నోటుపుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నారు. వెనుక నుంచి దేవసేన గారు వచ్చి భుజం పట్టుకున్నారు.

“నువ్వు రాసింది తప్పా?”

“తప్పు గాదు.”

“తప్పు గాకపోతే కూర్చుంటావేంది? లెయ్ మామా!”

ఆయన లేచి నిలబడి, తొమ్మిదో గ్లాసును మరొకసారి పరిశీలించవలసిందిగా కోరారు. బట్టీ యజమాని సుదర్శనం గారు ముందుకు వచ్చారు. చిత్తూరు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఆయనకు తన బీరు మీద చాలా అభిమానం. ఏంజెలిన్ చేతిలోని కాగితం తీసుకొని బిగ్గరగా చదివారు. “మూడోనాటి పులుపు. బీరుది కాదు, గొట్టానిది.”

“గొట్టానిదా?” ఆయన ముఖం ఎర్రబడింది. “మిగతా ఎనిమిదీ సీసాల్లోవి. ఇదొక్కటే ఏడో కుళాయి నుంచి పట్టినాం, మా బట్టీలో అన్నిటికంటే మంచిదని. ఎట్ల చెప్తారు పెద్దాయనా, గొట్టానిదని?”

“గంజి మంచిదేనయ్యా. కుంచె కడగలేదు,” అన్నారు దామోదరన్ గారు.

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఆయన నిదానంగా వివరించారు. గంజే పాడైతే పులుపు పోగు లోపలిదాకా ఉంటుంది. గంజి బాగుండి, నిన్నటి కుంచె కడగకుండా దువ్వితే పులుపు పైపైనే నిలుస్తుంది. వేలితో తుడిస్తే పోతుంది. ఈ గ్లాసులోని పులుపు కూడా నాలుకకు తగిలిన మరుక్షణం మాయమవుతున్నదనీ, దాని అడుగున బీరు నిక్షేపంగా ఉన్నదనీ ఆయన చెప్పారు.

సుదర్శనం గారు లోపలికి వెళ్ళి, అదే బీరును నేరుగా పీపా నుంచి ఒక గ్లాసు పట్టుకొచ్చారు. ఏడో కుళాయి నుంచి ఇంకొకటి పట్టారు. రెండూ మార్చి మార్చి తాగారు. మూడోసారి తాగిన తరువాత గ్లాసులు కింద పెట్టి, తానే స్వయంగా కుళాయి మర విప్పి, తెల్లటి గుడ్డను మెలిపెట్టి గొట్టం లోపల తిప్పారు. గుడ్డ పసుపుపచ్చని జిగటతో బయటికి వచ్చింది. ఆయన దానిని దాచలేదు. అందరికీ కనిపించేలా పైకెత్తి చూపారు.

మొదట మాట్లాడినవాడు ఆ యువ ఇంజనీరే. “నాకు తెలియలేదు సార్. నేను శుభ్రమని రాశాను. స్థానం ఆయనది,” అన్నాడు. ఏంజెలిన్ ఫలితాల కాగితంలో రెండు అంకెలు కొట్టివేసి, సరిచేసి, సంతకం పెట్టి, పేరును మళ్ళీ ప్రకటించింది.

“ఇది ఒక్క ఏడో కుళాయి సంగతి గాదు,” అన్నారు సుదర్శనం గారు. “పన్నెండూ కడిగిస్తా. మీరు మా సంఘం మనిషి ఇప్పుడు. మీరు సరే అనేదాకా ఈడ ఒక్క గ్లాసు పట్టం.”

ఆ ప్రకారమే జరిగింది. పన్నెండు గొట్టాలు విప్పి, వేడినీళ్ళతో కడిగి, మళ్ళీ బిగించారు. రెండు వందలమంది బీరు ప్రియులు ఖాళీ గ్లాసులు పట్టుకొని వరుసలో నిలబడ్డారు. దామోదరన్ గారు మొదటి కుళాయి దగ్గర నిలబడి ఒక గుక్క తీసుకున్నారు, కళ్ళు మూసుకున్నారు, తల ఊపారు. హాలంతా హోరెత్తింది. రెండో కుళాయికి నడిచారు.

దేవసేన గారు ఫోను తీసి తిరుత్తణికి వీడియో కాల్ చేశారు.

“ఏందమ్మే ఇది? అందురూ కాళీ గ్లాసులు పట్టుకోని నిలబడుకోని ఉండారే! సరుకు అయిపొయిందా?” అన్నారు తణికాచలం గారు.

“అయిపోలేదు అన్నా. మీ బావ సరే అనాల. అంతదాకా ఎవురికీ లేదు.”

“ఫోను ఇంకా కొంచెం పక్కకు తిప్పు. బావ మొగం కనపడ్ల్యా,” అన్నారు ఆయన.

ఆమె తిప్పారు. దామోదరన్ గారు అప్పటికి ఎనిమిదో కుళాయి దగ్గర ఉన్నారు. గుక్క తీసుకొని, ఈసారి చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఆయన తల అడ్డంగా ఊపి, గ్లాసును బల్ల మీద పెట్టారు.

“దీన్ని ఇంకొకసారి కడగండయ్యా,” అన్నారు.

సుదర్శనం గారు తానే వెళ్ళి మర విప్పారు.