మూర్తిగారి షెడ్డులో కొమ్ముల సైకిల్

మొన్న ఉదయం మా పక్క వాటాలో ఎవరో పాత టేబుల్ ఫ్యాను విప్పి కిరసనాయిలుతో కడుగుతున్నారు. ఈ రోజుల్లో ఎక్కడ సంపాదించారో గాని, ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను అలాగే నిలబడిపోయాను. మూర్తిగారి చొక్కాకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. చేతులు సబ్బుతో ఎంత తోముకున్నా తన క్యారేజీలో పెరుగన్నం కూడా కిరసనాయిలు వాసన వేస్తుందని ఆయనే నవ్వేవారు. వెంగళరావు నగర్‌లోని నా సైకిల్ దుకాణానికి వచ్చేవాళ్ళెవరూ ఆయన్ని చూడలేదు. నీకు పని నేర్పింది ఎవరమ్మా అని అడుగుతుంటారు. పేరు చెబితే సరిపోయే సంగతి కాదు. అందుకని ఇది రాస్తున్నాను.

ఆయనది తణుకు దగ్గర ఒక ఊరు. ముప్ఫై ఏళ్ళు సినిమాల్లో ప్రాపర్టీ మనిషిగా పనిచేశారు. సీనులో కనిపించే కుర్చీ, గొడుగు, లాంతరు, సైకిల్ వేళకు తెచ్చిపెట్టడం, షాటుకూ షాటుకూ మధ్య ఏ వస్తువూ ఉన్నచోటు నుంచి కదలకుండా చూసుకోవడం ఆ పని. వయసు మీద పడ్డాక ఫిల్మ్ నగర్ వాలులో రేకుల షెడ్డు ఒకటి వేసుకుని, షూటింగులకు సైకిళ్ళు కిరాయికి ఇచ్చేవారు. అటు మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న కాలం అది. ఇటు జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టి ఇళ్ళు కడుతున్నారు. మేము పాలమూరు వైపు నుంచి మట్టిపనికి వచ్చాం. నా భర్తకు షెడ్డు ఎదురుగా కడుతున్న ఇంట్లో వాచ్‌మన్ పని దొరికింది. నేను షెడ్డు ఊడ్చి, నీళ్ళు పట్టే పనికి చేరాను.

ఒకరోజు ఊడుస్తూ, బోర్లా పెట్టిన సైకిల్ చక్రాన్ని ఊరికే తిప్పాను. అది కాస్త ఊగుతోంది. స్పోకుల మీద వేలితో ఒక్కొక్కటీ మీటుకుంటూ పోతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏంటమ్మాయ్, అది చక్రమనుకున్నావా, వీణనుకున్నావా?"

"లేదు సారూ. గీ ఒక్క స్పోకు ఏడుస్తుంది. మిగతయన్ని మంచిగనే మోగుతున్నయి."

ఆయన వచ్చి వంగి, చెవి పెట్టి విన్నారు. స్పోకు తిప్పే చిన్న తాళం నా చేతికిచ్చి, "సరే, దాని ఏడుపు నువ్వే మాన్పించు" అన్నారు. మరునాటి నుంచి చీపురు ఇంకొకరి చేతికి పోయింది. చిన్నప్పటి నుంచి చేటతో చెరిగిన చేతులు నావి. ఏది బరువో, ఏది తేలికో ఎత్తి పట్టుకుంటే తెలిసిపోతుంది. ఆయన కాటా దగ్గరికి వెళ్ళేలోపు నేను తూకం చెప్పేదాన్ని. అది ఆయనకు పెద్ద వినోదం. ఎవరొచ్చినా, "మా బాలమణి చేతులు చూశారా?" అని ఒక పెడల్ నా అరచేతిలో పెట్టేవారు.

నేను ఆయన దగ్గర దాచిన సంగతి ఒక్కటే ఉంది. నాకు చదవడం రాదు. డబ్బు మీద అంకెలు, బస్సు నంబర్లు తెలుసు. అక్షరం ఒక్కటీ తెలియదు. చెబితే మళ్ళీ చీపురే అనుకున్నాను. ఆయన ఏదైనా కాగితం ఇచ్చి చదవమంటే, "కండ్లు మసక సారూ" అనేదాన్ని. నా మాట నమ్మి, ఒకరోజు ఫుట్‌పాత్ మీద నుంచి కళ్ళద్దాలు కొని తెచ్చారు. ఆ అద్దాలతో నిజంగానే నాకు అంతా మసకగా కనిపించేది. అయినా రెండేళ్ళు వాటిని ముక్కు చివరకు జార్చుకుని, పై నుంచి చూస్తూ పని చేశాను. షెడ్డులో ప్రతి సామానుకూ దారంతో ఒక చీటీ కట్టడం ఆయనకు స్టూడియోలో పడిన అలవాటు. చీటీ ఏం చెబుతోందో నాకు తెలియదు. సామాను ముఖం చూసి గుర్తుపట్టేదాన్ని.

షూటింగు సైకిళ్ళ పనికి ఒక పద్ధతి ఉంది. కెమెరా వైపు మెరిస్తే చాలు. అవతలి వైపు తుప్పు పట్టి ఉన్నా ఎవరికీ పట్టదు. ఏదైనా వదులైతే కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి, ఆ రేకు ముక్క సందులో దూర్చి బిగించేవాళ్ళం. "షాటు అయ్యేదాకా నిలబడితే చాలు తల్లీ, దాని జీవితాశయం అంతే" అనేవారు మూర్తిగారు. అలా నా చేతికి రేకు ముక్క అలవాటైంది.

షెడ్డు వెనక గోడకు ఒక పాత మౌంటెన్ బైక్ వేలాడుతూ ఉండేది. ఎప్పుడో ఒక ఫైటు కోసం విదేశం నుంచి తెప్పించారట. సినిమా అయిపోయాక ఎవరూ అడగలేదు. గరుకు టైర్లు, అడ్డంగా నిటారు హ్యాండిల్, ముందు మూడు పళ్ళచక్రాలు, ఎద్దులా ఉండేది. కాని దాని ఉక్కు గొట్టాలు సన్నవి, మంచివి. గోరుతో కొడితే గంటలా మోగేది. ఫిల్మ్ నగర్‌లోనే అద్దెకుండే అనురాధ అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒకనాడు తన సైకిల్ పంక్చరుకు వచ్చి దాన్ని చూసింది.

"అంకుల్, దీన్ని తేలిక చేసి రేసు సైకిల్‌లా మార్చి నాకు అమ్ముతారా? ఆదివారాలు మేమంతా చేవెళ్ళ దాకా తొక్కుతాం. అందరిదీ ముందు పోతుంది, నాది వెనక ఈడ్చుకుంటూ వస్తుంది."

"తప్పు సైకిల్‌దేనా అమ్మా?" అన్నారు ఆయన.

"సగం నాది. ఆ సగం నేను చూసుకుంటాను లెండి."

నెల రోజులు ఆ సైకిల్ మా ఇద్దరికీ పండగ. స్టాండు, మడ్‌గార్డులు తీసేశాం. గరుకు టైర్ల స్థానంలో నున్నటి సన్న టైర్లు వేశాం. ముందున్న మూడు పళ్ళచక్రాల్లో ఒక్కటే ఉంచాం. ఏది ఊడదీసినా ముందు నా చేతిలో పెట్టి, తరువాత కాటాకు తగిలించేవారు. ఇక మిగిలింది హ్యాండిల్. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన రేసు హ్యాండిళ్ళు రెండు ఎర్రగడ్డ సంతలో దొరికాయి. వాటిని కొలిచి చూసి, చీటీలు కట్టి మేకుకు తగిలించారు. ఇంతలో మేనకోడలి పెళ్ళికని తణుకు బయలుదేరారు. "ఆదివారం పొద్దున ఆ అమ్మాయి వస్తుంది. నేను రావడం ఆలస్యమైతే నువ్వే ఇచ్చెయ్. చీటీలు రాసిపెట్టాను, చూసి బిగించు" అన్నారు. సరే సారూ అన్నాను.

రెండు చీటీలూ ఎదురుగా పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒకదాని మీద చిన్న ముక్క రాసి ఉంది. రెండోదాని మీద రెండు వరుసలు నిండా రాత. అంత రాశారంటే ముఖ్యమైనది అదే అయి ఉంటుందని అనుకున్నాను. చేతుల్లో ఎత్తి చూస్తే తేలికైనదీ అదే. తేలిక కోసమే కదా ఇన్నాళ్ళ తిప్పలు. చీటీ తెంపి బిగించాను. హ్యాండిల్‌ను పట్టి ఉంచే సైకిల్ మెడలో అది జారింది. ఎంత తిప్పినా కొంచెం జారుతూనే ఉంది. ఆగి ఆలోచించాల్సింది. నేను డబ్బా కత్తిరించాను. రేకు దూర్చి బిగిస్తే కదలకుండా నిలబడింది. దాని మీద నల్లటి టేపు ఎంత అందంగా చుట్టానంటే, ఆ పూట నన్ను చూసి నేనే మురిసిపోయాను.

ఆదివారం తెల్లగా వెలుతురు రాగానే అనురాధ వచ్చింది. సైకిల్‌ను ఒంటి చేత్తో పైకెత్తి చిన్నపిల్లలా గెంతింది. "అక్కా, నిజంగా మీరే బిగించారా?"

"అంత నేనే చేసిన తల్లీ."

"మా వాళ్ళందరికీ చెబుతాను. నా సైకిల్ ఒక ఆడమనిషి చేసిందని." హెల్మెట్ పెట్టుకుని వాలు దిగి వెళ్ళిపోయింది.

పది నిమిషాలకు మూర్తిగారు స్టేషన్ నుంచి ఆటోలో దిగారు. చేతిలో పెళ్ళి లడ్డూల సంచి. లోపలికి వస్తూనే ఆయన చూపు మేకు మీద పడింది. ఒక హ్యాండిల్ ఇంకా అక్కడే, చీటీతో సహా వేలాడుతోంది.

"బాలమణీ, ఇదేంటి ఇక్కడుంది? చీటీ చూడలేదా?"

"చూసిన సారూ."

"చూశావు. చదివావా?"

కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడవసాగాను. ఆయన మేకు మీది చీటీ పట్టుకుని చదివారు. "దీని మీద 'ఇదే' అని ఒక్క మాటే రాశాను. రెండోదాని మీద ఏం రాశానో తెలుసా? బిగించవద్దు, నడుము సన్నం, వాలులో జారుతుంది అని." సంచి అక్కడే పడేసి బయటికి పరుగెత్తి, తిరగబోతున్న ఆటోను ఆపారు. నేనూ ఎక్కాను. దారి పొడవునా ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఆ అమ్మాయి ఎత్తలేదు. ఆటో సందు తిరిగిన ప్రతిసారీ రోడ్డు మీద ఏం కనిపిస్తుందోనని నేను ముందు కళ్ళు మూసుకుని, తరువాత తెరిచాను.

జూబ్లీహిల్స్‌లో ఒక నిట్టవాలు చివర, కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప మీద కూర్చుని ఉంది అనురాధ. మోచేయి చీరుకుపోయింది. మణికట్టు వాచింది. సైకిల్ పక్కన పడి ఉంది. కొమ్ములు రెండూ నేల వైపు తిరిగిపోయి ఉన్నాయి. బ్రేకు నొక్కుతూ ముందుకు బరువు వేయగానే హ్యాండిల్ గిర్రున కిందికి తిరిగిందట. ఎదురుగా నీళ్ళ ట్యాంకరు వస్తుంటే, ఇసుక కనిపించి అటు తిప్పుకుందట.

"తప్పు నాదమ్మా" అన్నారు మూర్తిగారు. "నేను దగ్గరుండి చేయించాల్సింది."

ఆయన అలా అనేస్తే నేను తప్పించుకోవచ్చు. ఆ అమ్మాయికి ఎప్పటికీ తెలియదు. కాని ఆమె నా వైపే చూస్తోంది. ఆడమనిషి చేసిందని చెబుతానన్న ముఖంతోనే చూస్తోంది.

"సారుది కాదు తల్లీ. నాకు చదువు రాదు. ఏది వద్దన్నడో అదే బిగించిన. జారుతుంటే రేకు పెట్టి, మీదికెళ్ళి టేపు చుట్టిన. జారుతుందని నాకు ఎరుకనే."

అనురాధ ఒడిలోని ఇసుక దులుపుకుంది. "రాదని చెప్పొచ్చు కదా అక్కా" అంది. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆమెను అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు మూర్తిగారు. నేను సైకిల్ నడిపించుకుంటూ షెడ్డుకు తిరిగి వచ్చాను. షెడ్డు తాళం చెవి, ఆయన కొనిచ్చిన కళ్ళద్దాలు బల్ల మీద పెట్టి ఒక మూల కూర్చున్నాను.

ఆయన వచ్చి వాటిని చూశారు. "విరగలేదట, బెణికిందంతే" అని చెప్పి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "సెట్‌లో టీకప్పు అంగుళం జరిగితే పట్టుకునేవాణ్ణి. దానికి నాకు జీతం. రెండేళ్ళు నువ్వు నా ముందు అద్దాల పై నుంచి చూస్తుంటే కనిపెట్టలేకపోయాను. ఇంక నేనేం చూసినట్టమ్మా?"

"నన్ను పొమ్మంటవా సారూ?"

"పోతే ఈ సైకిల్ ఎవరు సరిచేస్తారు? కాని దాన్ని ముట్టుకునే ముందు కొంచెం చదువుకోవాలి నువ్వు."

మరునాటి నుంచి పొద్దున్నే షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో పాఠం. అ ఆలు కాదు, షెడ్డులో ఉన్న మాటలే. నేను నేర్చుకున్న మొదటి మాట 'వద్దు'. రెండోది 'జారుతుంది'. నలభై దాటిన వేళ్ళకు సుద్ద లొంగేది కాదు. పానా పట్టిన చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగేది. "అది నట్టు కాదమ్మాయ్, అంత బిగించకు" అని నవ్వేవారు. కొన్ని రోజులు ఆయన విసుక్కున్నారు కూడా. కొన్ని రోజులు నేనే ఏదో వంకతో ఎగ్గొట్టాను. అయినా మానలేదు.

నెలన్నర తరువాత అనురాధ వచ్చింది. ఈసారి సరైన హ్యాండిల్‌తో సైకిల్ సిద్ధంగా ఉంది. కాని టేపు చుట్టలేదు. "ముందు ఆ అమ్మాయి చూడాలి" అని మూర్తిగారు ఆపారు. నేను ప్రతి బిగింపూ చూపించాను. ఏది నాకు రూఢిగా తెలుసో, ఏది సారు చూశారో విడివిడిగా చెప్పాను. వెనక మూడో గేరు దిగేటప్పుడు ఎందుకు గీరుకుంటుందో నాకు తెలియదని కూడా చెప్పాను. ఆమె హ్యాండిల్ మీద ఒళ్ళంతా బరువు వేసి నొక్కి చూసింది. తరువాత వెనక్కి జరిగి, "ముందు మీరు తొక్కండక్కా, ఆ వాలు దాకా" అంది.

నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కాను. అంత వంగి కూర్చునే సైకిల్ నేనెప్పుడూ తొక్కలేదు. కింది కొమ్ములు పట్టుకుంటే రోడ్డు ముఖం మీదికి వస్తున్నట్టుంది. మలుపు దగ్గర బ్రేకు నొక్కి, బరువంతా చేతుల మీద వేశాను. హ్యాండిల్ కదలలేదు. నెట్టుకుంటూ పైకి వచ్చేసరికి ఇద్దరూ రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నారు. "ఇక టేపు చుట్టు" అన్నారు మూర్తిగారు. అనురాధ ఆ సైకిల్‌ను చాలా ఏళ్ళు తొక్కింది.

ఆయన పోయి చాలా కాలమైంది. పాత సైకిళ్ళను తేలిక చేయించుకోవడానికి ఇప్పుడు నా దుకాణానికి ఎందరో వస్తారు. ఏదైనా తెలియకపోతే తెలియదంటాను. చదివి చెబుతాను, రేపు రండి అంటాను. కొందరు పెదవి విరిచి ఇంకో దుకాణానికి పోతారు, పోనివ్వండి. నేను చేసిన ఏ సైకిల్ అయినా, ఇవ్వడానికి ముందు ఒకసారి నేనే ఎక్కి కిందికి దిగుతాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయని మా ఇంట్లో వద్దంటారు. చేయి తిరిగినదానివి, ఇంకా ఈ పరీక్షలెందుకంటారు. బ్రేకు మీద బరువు వేసే ఆ ఒక్క క్షణంలో ఇప్పటికీ నాకు భయమేస్తుంది. ఆ భయం పోయిన రోజు పానా పక్కన పెట్టేస్తాను.