కర్వా చౌత్ సెలవు

మా పై అంతస్తులో ఉండే కేంద్ర ప్రభుత్వ అధికారి మీద నాకు అసూయ. ఈ మాటను మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఆయన జీతం మీద కాదు, హోదా మీద కాదు. ఆయన సెలవుల మీద. వసంత్ కుంజ్‌లో మా బాల్కనీ కిందే ఆయన స్కూటర్ ఉంటుంది. పనిదినం ఉదయం అది కదల్లేదంటే ఆయనకు ఏదో పండుగ వచ్చిందన్నమాట. గుర్‌గ్రామ్‌లోని మా ఆఫీసు క్యాబ్ ఎక్కుతూ దాన్ని చూసేవాణ్ణి. రోజంతా ఉడికేవాణ్ణి.

ప్రభుత్వం అందరికీ ఇచ్చే సెలవులు కాక వాళ్లకు ఐచ్ఛిక సెలవులు ఉంటాయి. పొడవాటి జాబితాలోంచి రెండు పండుగలు ఎవరికి వారు ఎంచుకోవచ్చు. ఆఫీసు నడుస్తూనే ఉంటుంది, ఎంచుకున్నవాడు ఇంట్లో ఉంటాడు, జీతం ఆగదు. రోజూ విభూతి పెట్టుకునే ఈ గోదావరి మనిషి తన దేవుళ్లకే ఆ రెండూ వాడతాడని అనుకున్నాను. కాదు. ఏ పండుగ శుక్రవారమో సోమవారమో పడుతుందో చూసుకుని దానికి పెట్టేవాడు. ఒకసారి ఓణానికి పెట్టాడు.

“ఓణం మీకేంటండీ?” అని మెట్ల మీదే నిలదీశాను.

“నిద్రకి మతం ఉంటదేంటండీ బాబూ?” అన్నాడు. “అయినా దేవుణ్ణి నమ్మనోరు మీరు. నా పండగలు నాకంటే మీకే బాగా గుర్తుంటన్నాయే!”

మా కంపెనీలోనూ అలాంటివి రెండు ఉన్నాయి. జనవరిలో పోర్టల్‌లో టిక్ పెట్టాలి. నేను ఏ ఏడూ పెట్టలేదు. హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి, పురోహితుడు లేకుండా పెళ్లి చేసుకున్నవాణ్ణి. జీతంతో కూడిన సెలవు కార్మికులు పోరాడి తెచ్చుకున్న హక్కు. దానికి దేవుడి సిఫార్సు ఎందుకు? మతం లేని ఉద్యోగికి మతం లేని సెలవు ఇవ్వండని హెచ్‌ఆర్‌కు నిప్పులు కక్కుతూ మెయిల్ రాశాను. మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం అని జవాబు వచ్చింది. గౌరవించి, ఆ రెండు రోజులూ నా చేత పని చేయించుకున్నారు. ఇక వార్షిక సెలవంటారా, కాగితం మీద పుష్కలం. అడిగినప్పుడల్లా ఏదో ఒక డెలివరీ అడ్డొస్తుంది. ఏడాది చివర అది చప్పుడు లేకుండా మురిగిపోతుంది.

మా అమ్మాయి ధౌలా కువాన్‌లో కాలేజీలో చేరాక స్కూటర్ నేర్చుకుంటానంది. నేనే నేర్పుతానన్నాను. వచ్చే శనివారం అన్నాను. శనివారాలు లాప్‌టాప్ ముందే తెల్లవారి, అక్కడే పొద్దుగూకాయి. ఒక ఉదయం క్యాబ్ ఎక్కి కాలనీ మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆయన స్కూటర్. నడుపుతున్నది మా అమ్మాయి. వెనక సీట్లో ఆయన. ఏదో అన్నాడు, అది పగలబడి నవ్వింది. ఆ నవ్వు నాది. నాకు రావలసినది. సెలవు ఉన్నవాడు ఎత్తుకుపోయాడు. ఇందులో తర్కం లేదని నాకు తెలుసు. ఆ రోజు నేను తర్కంతో బతకలేదు.

కొన్నాళ్లకు అది పరుగున వచ్చింది. “నాన్నా, లైసెన్స్ టెస్ట్‌కి స్లాట్ మిల్ గయా! శుక్రవారం. నువ్వు రావాలి, పక్కా.”

“పక్కా,” అన్నాను.

మర్నాడు మేనేజర్‌ను ఒక్క రోజు వార్షిక సెలవు అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “అరే సర్, ఉస్ దిన్ కర్వా చౌత్ హై. ఆధీ టీమ్ ఛుట్టీ పర్. ఆప్ తో నాస్తిక్ హో, ఆప్ కో క్యా ఫరక్?”

ఆ రోజు సగం టీమ్ సెలవట, నాస్తికుణ్ణి కాబట్టి నాకేం తేడా అట. మొగుళ్ల ఆయుష్షు కోసం ఆడవాళ్లు ఉపవాసం ఉండే పండుగ అది. దానికి వ్యతిరేకంగా నేను వ్యాసం రాశాను. ఇప్పుడు ఆ పండుగ పేరు చెప్పి, నాకు దేవుడు లేడు కాబట్టి తీరిక కూడా అక్కర్లేదని తేల్చేశారు.

ఇంటికి వచ్చి అమ్మాయితో “చూద్దాం” అన్నాను. నా మొహం చూసి అది అర్థం చేసుకుంది.

“కోయీ బాత్ నహీ, నాన్నా. అంకుల్‌ని అడుగుతా. ఆయనకి ఆ రోజు ఛుట్టీ.”

ఉంటుంది మరి. శుక్రవారం పడ్డ కర్వా చౌత్‌ను ఆయన వదులుతాడా!

తెల్లారి నేరుగా హెచ్‌ఆర్ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. కర్వా చౌత్ నా ఐచ్ఛిక సెలవుగా పెట్టండన్నాను. తలెత్తి చూసింది.

“సర్, ఆప్ వ్రత్ రఖేంగే?”

“ఉపవాసం ఉండాలని నియమంలో ఉందా?” అని హిందీలోనే అడిగాను.

“నహీ.”

“ఆడవాళ్లకే అని?”

“నహీ, సర్.” నవ్వు ఆపుకోలేకపోతోంది. “కానీ గడువు జనవరిలోనే అయిపోయింది.”

“జనవరిలో టిక్ పెట్టకపోతే హక్కు పోతుందని ఎక్కడుందో చూపించండి.”

వెతికింది. మళ్లీ వెతికింది. నవ్వు పోయింది. అలాంటి నియమం ఎక్కడా లేదు. మేనేజర్‌కు ఫోన్ చేసి మెల్లగా మాట్లాడి, నా పేరు పక్కన కర్వా చౌత్ అని కొట్టింది. జీవితంలో నా మొదటి పండుగ సెలవు.

శుక్రవారం ఉదయం కిందికి దిగేసరికి ఆయన హెల్మెట్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

“ఏవండోయ్ నాస్తికుల వారూ, మీదీ కర్వా చౌతేనా? చంద్రుణ్ణి చూసేదాకా మంచినీళ్లు ముట్టకూడదు మరి!”

స్కూటర్ ఆయనది. నేర్చుకునేవాళ్ల వెనక లైసెన్స్ ఉన్నవాడు కూర్చోవాలి, నాకున్నది కారు లైసెన్స్. నేర్పుతానన్న నాడు ఈ సంగతి నాకు తట్టలేదు. కాబట్టి నా కూతురి వెనక ఆయన కూర్చున్నాడు. వాళ్ల వెనక ఆటోలో నేను. “భయ్యా, ఆ స్కూటర్ వెనకే పోనివ్వు” అంటే ఆటో అతను నన్ను అనుమానంగా చూశాడు.

టెస్ట్ జరిగే చోట మమ్మల్ని గేటు బయటే ఆపేశారు. లోపల ఎనిమిది అంకె ఆకారంలో, కాలు నేలకు ఆనకుండా నడిపి చూపించాలి. ఇద్దరం గోడ నీడలో నిలబడ్డాం. ఆయన ప్రశాంతంగా పల్లీలు ఒలుచుకున్నాడు. నాకూ పెట్టాడు. తిన్నాను, ఉపవాసం లేదు కదా.

అది బయటికి ఎగురుకుంటూ వచ్చింది. “అంకుల్! పాస్! ఎయిట్‌లో పావ్ నహీ లగా! ఒక్కసారి కూడా!”

“ముందు నాన్నగారికి చెప్పమ్మా,” అన్నాడాయన.

చెప్పింది. ఆయన నేర్పిన మర్యాదతో చెప్పింది. అప్పటిదాకా పడ్డ అసూయ అంతా ఒక ఎత్తు, ఆ “ముందు” అన్న మాట ఒక ఎత్తు.

ఆయన తన హెల్మెట్ నా చేతిలో పెట్టాడు. “మీరిద్దరూ దీని మీద వచ్చెయ్యండి. నేను మెట్రోలో పోయి ఓ కునుకు తీస్తాను. సెలవు కదండీ.”

హెల్మెట్ లోపల విభూతి వాసన. మా అమ్మాయి వెనక కూర్చున్నాను. బాగా నడుపుతోంది, ఎవరు నేర్పారో గాని చాలా బాగా నేర్పారు. సిగ్నల్ దగ్గర వేగం తగ్గగానే నా రెండు కాళ్లూ వాటంతట అవే రోడ్డు మీదికి దిగాయి. తర్వాతి మలుపులోనూ దిగాయి.

“నాన్నా, కాళ్లు పైన పెట్టుకో. అంకుల్ అలా దింపరు.”

దింపకుండా కూర్చోవడం ఆయనకు ఒక్కరోజులో రాలేదు. ఎన్ని పండుగలు వాడాడో ఆ వెనక సీట్లో. నాకున్నది ఆ ఒక్క కర్వా చౌత్. కాళ్లు పైకి తీసుకున్నాను. తర్వాతి సిగ్నల్ దాకా.