పాట కుడివైపు రావాలి: వరంగల్‌లో ఒక రోజు

మా సుజాతక్కకు ఎడమ చెవి వినబడదు. నా పాత కారులోనేమో ఎడమ తలుపు స్పీకర్ ఒక్కటే పనిచేస్తుంది. డోర్నకల్ నుంచి ఎటు వెళ్లినా అక్క ఆ తలుపు పక్కనే కూర్చుంటుంది. పాటంతా వినబడని చెవిలోకే పోతుంది. అందుకే నాలుగు వేలు జేబులో పెట్టుకుని, పొద్దున్నే ఇద్దరం మహబూబాబాద్ మీదుగా వరంగల్ బయలుదేరాం. దారిలో టిఫిన్‌తో కలిపి మూడు గంటలు పట్టింది.

మొదటి షాపాయన నా మాట పూర్తి కానివ్వలేదు. "నాలుగు వేలకు ఏమొస్తదన్నా? జర బడ్జెట్ పెంచు. బేస్ డబ్బా పెడ్త, డిక్కీ అదిరిపోతది!"

"డిక్కీల ఎవ్వరు కూసోరన్నా. మా అక్కకు పాటల మాటలు ఇనబడాలె."

"మాటలెవరు ఇంటాండ్రన్నా ఇప్పుడు?" అన్నాడు. అక్క నాకంటే ముందే కారెక్కింది.

ఇంకో రెండు షాపులు తిరిగాక, వరంగల్‌లోనే కాశిబుగ్గలో ఒక చిన్న షాపులో బేరం కుదిరింది. రెండు తలుపులకూ కొత్త స్పీకర్లు, బిగింపుతో కలిపి మూడు వేల రెండు వందలు. "ఫికర్ జేయకు, అర్ధగంటల అయిపోతది" అన్నాడు మెకానిక్. ఆ అర్ధగంటలో మేం భోజనం చేసి, రెండుసార్లు చాయ్ తాగి వచ్చాం. తలుపులింకా విప్పే ఉన్నాయి. చివరికి బిగించాక హారన్ నొక్కితే పాట ఆగిపోయింది. అది సరిచేస్తే హారనే మూగబోయింది.

"పాట వస్తాంది గదన్నా!"

"బర్రె అడ్డమొస్తే పాట పెట్టాల్నా?" అని అరిచాను. వైర్లన్నీ మళ్లీ పీకించాను.

సాయంత్రం నాలుగింటికి అన్నీ పనిచేశాయి. రోజూ పెట్టే పాటే పెట్టి, శబ్దాన్ని కుడివైపుకు తిప్పాను. అక్క కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.

"గిదేం పాటరా, ఒక్క మాట మంచిగ లేదు! ఇన్నేండ్లు నువ్వు తలకాయ ఊపుతాంటే నేను గూడ ఊపిన."

అంత విసుగులోనూ పగలబడి నవ్వాను. తిరుగు దారిలో పాటలన్నీ తనే ఎంచింది. నచ్చనిది సగంలోనే ఆపించింది.

ఎంత చప్పుడు కావాలని ప్రతి షాపులోనూ అడిగారు. వినేదెవరని ఒక్కరూ అడగలేదు. ఆ రోజంతా నన్ను విసిగించింది నిజానికి అదే. మీరు వెళ్తే వినే మనిషిని వెంట తీసుకెళ్లి, తన సీట్లోనే కూర్చోబెట్టి వినిపించండి. పాట మోగుతుండగానే హారన్, లైట్లు, వైపర్లు అన్నీ వేసి చూశాకే డబ్బులివ్వండి.