గుడి నుంచి నేరుగా సముద్రానికి

ఆ రోజుల్లో రెండు రోజుల సెలవు మాకు రెండు వారాలంత కనిపించేది. శని, ఆదివారాల్లో ఒక బందరూ, దాని చుట్టుపక్కల మరో నాలుగూళ్ళూ ఇట్టే ఇమిడిపోతాయనిపించేది. ఇప్పుడు పిల్లల్తో ఎక్కడికి బయల్దేరినా ఫోనులో మ్యాపు చూసుకుని, నిమిషాలు కూడుకుని, సగం ఊళ్ళు నేనే కొట్టేస్తున్నాను. అప్పట్లో మ్యాపు మా మావయ్య నోట్లో ఉండేది. "దారిలోనే కదా!" అనేవాడు. ఆయన దారిలో లేని ఊరంటూ కృష్ణా జిల్లాలో ఉండేది కాదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. గుడివాడలో పుట్టి పెరిగి, గంట ప్రయాణంలో ఉన్న సముద్రాన్ని ఒక్కసారైనా చూసి ఎరగను. (నవ్వకండి, మా వీధిలో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు.) నన్ను బడికి పంపకుండా అమ్మే ఇంట్లో పాఠాలు చెప్పి, పరీక్షలకి ప్రైవేటుగా కట్టించింది. బడిపిల్లలు పిక్నిక్కని మంగినపూడి బీచికి బస్సెక్కితే, నేను వంటింట్లో అట్లాసు తెరిచి బంగాళాఖాతం మీద వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ చదువుతోనే ఇంటరు గట్టెక్కాను. అంతా స్వామి దయ, ఆ తర్వాత అమ్మ ఓపిక. ఆ సంతోషానికే బందరులో ఉన్న పిన్ని మమ్మల్ని రెండు రోజులకి రమ్మంది. అమ్మమ్మా నేనూ వెళ్ళేలా, మావయ్య కారు తోలేలా అనుకున్నాం. పదింటికల్లా పిన్ని ఇల్లు, సాయంత్రం సముద్రం, మర్నాడు పొద్దున్నే మళ్ళీ సముద్రం! ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

అంత చక్కటి ప్లానునీ చెడగొట్టింది నేనే. బయల్దేరే ముందు మావయ్య ఘంటసాల బౌద్ధస్తూపం చూద్దామన్నాడు, అమ్మమ్మ చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసు కొనాలంది. ఎంతకీ తెగక, "పాసైంది నువ్వు, నువ్వే చెప్పవే" అని నా మీద పెట్టేశారు. పుట్టి బుద్ధెరిగాక నన్నొకరు నిర్ణయం అడగడం అదే మొదలు. ఆ గొప్పతనం తలకెక్కి, పాసైతే మోపిదేవి స్వామి పుట్టలో పాలు పోస్తానని మొక్కుకున్న సంగతి గుర్తొచ్చి, "ముందు మోపిదేవి. తర్వాతే ఏదైనా" అన్నాను. బందరు ఒకవైపూ మోపిదేవి ఇంకోవైపూ అయినా మావయ్య మాత్రం "దారిలోనే కదా!" అన్నాడు. వెళ్తూ ఘంటసాలలో స్తూపం చూశాం. (అమ్మమ్మ బుద్ధుడికి కూడా ఒక దణ్ణం పెట్టి, గోత్రం చెప్పింది.) అక్కణ్ణించి మోపిదేవి వెళ్ళి, పాలు పోసి, కళ్ళు చెమ్మగిల్లగా దణ్ణం పెట్టుకుని, ప్రసాదం చేత్తో పట్టుకుని కారెక్కాను.

"ఇంక పద ఇంటికి" అంది అమ్మమ్మ.

"పిన్ని ఇంటికేగా?"

"పిన్ని ఇంటికేంటే? గుడివాడకి! గుడికెళ్ళినవాళ్ళు తిన్నగా సొంతింటికే వెళ్ళాలి. మధ్యలో ఇంకోళ్ళ గుమ్మం తొక్కితే స్వామి దయ ఆ గుమ్మంలోనే దిగిపోదూ!"

ఈ ఆచారం మా ముగ్గురికీ ఊహ తెలిసినప్పట్నించీ తెలుసు. బయల్దేరేటప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు.

"అదేంటమ్మా, కన్నకూతురిల్లు ఇంకోళ్ళ ఇల్లా?" అన్నాడు మావయ్య.

"పెళ్ళి చేసి పంపాక అది వాళ్ళిల్లేరా. అక్కడ నేను చుట్టాన్ని."

వస్తున్నామని చెప్పడానికి మావయ్య అప్పటికే పిన్నికి ఫోను కలిపి, స్పీకరు నొక్కి ఉన్నాడని అమ్మమ్మకి తెలీదు.

"వినపడుతోందమ్మా!" అని ఫోనులోంచి పిన్ని ఏడుపు గొంతు. "నా ఇల్లు పరాయిదా? తెల్లారకుండా లేచి పులిహోర కలిపాను. మీ అల్లుడుగారు రొయ్యలు తెస్తానంటే, గుడి నుంచి వస్తున్నారండీ అని మాన్పించాను!"

"కాదే తల్లీ, మనిల్లే. ఆ ముక్క నీకు తెలుసు, నాకు తెలుసు. స్వామికి చెప్పేదెవరు?"

నా బాధ ఇంకా పెద్దది. ఆ ఆచారాన్ని అమ్మమ్మ కంటే ఎక్కువ నమ్మేది నేను. కాదని వాదించడానికి నోరు రాదు. నా మొక్కే నా సముద్రాన్ని మింగేసింది. గోపురం వైపు తిరిగి, 'స్వామీ, దయ ఎలాగూ చూపించావు, దారి కూడా చూపించు' అనుకున్నాను. ఏమనిపించిందో, పైకి అడిగేశాను.

"అమ్మమ్మా, సముద్రం ఎవరిల్లు?"

"సముద్రం ఇల్లేంటే పిచ్చిమొహమా. అది ఎవరిల్లూ కాదు."

"మరైతే..." అన్నానో లేదో మావయ్య కారు కదిలించేశాడు. "దారిలోనే కదా!"

అమ్మమ్మ దారంతా షరతులు పెట్టింది. పిన్నినే బీచికి రమ్మనాలి, పులిహోర అక్కడే తినాలి, మళ్ళీ కారెక్కి గుడివాడలోనే దిగాలి. (చిలకలపూడి రాగానే మాత్రం, "కొట్టు ఇల్లు కాదులే, ఆపు" అని దిగి గొలుసు కొనుక్కుంది.)

మంగినపూడిలో సరుగుడు తోపు దాటగానే కనిపించింది. అట్లాసులో నీలంగా ఉంటుంది కదా, ఇది మట్టి కలిపిన చారు రంగులో ఉంది. అయినా అంత నీళ్ళు! అంత చప్పుడు! చెప్పులు ఎక్కడ వదిలానో, ప్రసాదం ఎవరి చేతిలో పెట్టానో తెలీదు. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని పరుగెత్తాను. రెండో అలకి ఇద్దరం నిలువునా మునిగి, ఇసకలో కూలబడి, ఊపిరాడక నవ్వాం. పట్టుచీర తడిసి ముద్దైన అమ్మమ్మని చూసి, క్యారేజీతో వచ్చిన పిన్ని అలక మర్చిపోయి లబోదిబోమంది.

"ఈ తడి బట్టల్తో గుడివాడేంటమ్మా! జొరం రాదూ?"

అమ్మమ్మ ముక్కులోంచి ఉప్పునీళ్ళు చీదుకుని, తీర్పు చెప్పింది.

"ఇప్పుడు మనం గుడి నుంచి రావట్లేదుగా. సముద్రం నుంచి వస్తున్నాం. పదండి మీ ఇంటికి."

అలా ఆ రెండు రోజులూ మాకు దక్కాయి. మర్నాడు పొద్దున్నే మళ్ళీ సముద్రానికి వెళ్ళాం. స్వామి దయ కూడా ఎక్కడా దిగిపోలేదనే నా నమ్మకం. ఈ ఇల్లు, ఈ పిల్లలు, ఇవన్నీ మరి ఎక్కణ్ణించి వచ్చినట్టు!

అమ్మమ్మని ఆ రోజు అల లాగేసిందనే మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అల కాదు. లాగింది నేను. తడిస్తే ఏమవుతుందో తెలిసే లాగానని ఆ పంతొమ్మిదేళ్ళ భక్తురాలు స్వామి దగ్గర తప్ప ఎక్కడా ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళకి ఆ పిల్లని తల్చుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. అమ్మమ్మ లేదిప్పుడు. ఉంటే ఒక్క మాట అడిగేదాన్ని. నేను లాగుతున్నానని తెలిసి కూడా, ఒక్క విదిలింపుతో నా చెయ్యి వదిలించుకోగలిగిన మనిషి, ఎందుకు వదిలించుకోలేదని.