మెట్ల కింద ఉప్మా, నేను దట్టించిన మసాలా

మా కాలేజీ గుండ్రటి ముద్ర మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టం ఎక్కి, జనగామలో మా అవ్వ ఆరేసిన చీర రంగు చూశానని చెప్పుకొని తిరిగినవాణ్ణే. అయినా ఈసారి నమ్మండి.

మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. పెద్దవంగర దగ్గరి తండా నుంచి వచ్చే సెకండియర్ అమ్మాయి ఒకతె, పొద్దున్నే ఫస్టియర్ తండా పిల్లలను మెట్ల కింద కూర్చోబెట్టుకొని, ముందురోజు పాఠాన్ని లంబాడీలో మళ్లీ చెప్పేది. తరగతిలో వాళ్లు నోరు విప్పితే మిగతావాళ్లు నవ్వేవారు మరి. మొదటి బస్సుకు ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలు పాఠం మధ్యలోనే సోలిపోయేవారు. అందరినీ కలుపుకుపోయే పనులు విద్యార్థులే నడిపితే యూనివర్సిటీ డబ్బులిస్తుందని విని, ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టింది. ఒక ఏడాదికి మంజూరైంది. మెట్ల కింద ఉప్మా వాసన మొదలైంది.

ఆ పిల్లల్లో ఒకతె చివరి బెంచీది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేదే గాని పలికేది కాదు. చదువు మానేస్తానని పుస్తకాలు సర్దుకున్నప్పుడల్లా, పాఠం చెప్పే ఆ పెద్దమ్మాయి ఆపేది.

ఏడాది చివర పెద్దమ్మాయి రిపోర్టు రాసి టైపు చెయ్యమని తెచ్చింది. కొందరు మధ్యలో మానేశారు, ఉన్నవాళ్లు తరగతిలో ఇంకా మాట్లాడటం లేదు, మరో ఏడాది కావాలి. అంతే రాసింది.

"గిట్ల ఏడిస్తే ఎవరిస్తరు బిడ్డా? జర మసాలా దట్టించాలె."

"ఉన్నదే రాసిన కద సార్."

"నువ్వు పో. నేను చూసుకుంట."

చూసుకున్నాను. మా కాలేజీలో ఇప్పుడు పరాయివాళ్లే లేరని రాశాను. చివరి బెంచీ పిల్ల వార్షికోత్సవంలో తడబడకుండా అరగంట మాట్లాడిందని, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారని రాశాను.

"మనకాడ గింత జరిగిందా?" అని మురిసిపోయి, వార్షికోత్సవం నాడు ఊళ్లో లేని ప్రిన్సిపాల్ సారు సంతకం పెట్టారు.

జవాబు వచ్చింది. అభినందనలు, మీ దగ్గర లక్ష్యం నెరవేరింది గనుక, వచ్చే ఏడాది ఈ నిధులు భూపాలపల్లి వైపు అవసరమున్న కాలేజీకి ఇస్తున్నాం.

ఉప్మా ఆగింది. మొదటి బస్సుకు దిగే పిల్లలు తగ్గారు. మిర్చి ఏరే పని మొదలయ్యాక చివరి బెంచీ పిల్ల రావడం మానేసింది.

ఆ వారమే పెద్దమ్మాయి నా టేబుల్ ముందుకొచ్చి నిలబడింది.

"అరగంట మాట్లాడిందని రాసిన్రట గద సార్. అది మిర్చి చేన్ల ఉన్నది. పోయి చెప్పుండ్రి దానికి."

"తప్పయింది బిడ్డా. ఇయ్యరేమోనని..."

"ఉన్నదున్నట్టు ఒక్కసారి పంపి చూడకపోతిరి!"

ఒట్టు పెట్టుకున్నాను గనుక ఒప్పుకోవాలి. ఈ మాటలు ఆమె అనలేదు. తిట్లు తింటే కొంత తేలికవుతుందని నేనే అల్లాను. నిజానికి ఆ రోజు ఆమె వచ్చింది ఉప్మా గిన్నె కోసం. అది వాళ్లింటిది, మా బీరువా మీద ఉండేది. దించి ఇచ్చాను. రిపోర్టులో నేనేం రాశానో ఆమెకు ఇప్పటికీ తెలియదు. యూనివర్సిటీకే మనసు రాలేదనుకుంటోంది.

గిన్నె చంకన పెట్టుకొని, "నమస్తే సార్" అంది. మళ్లీ ఒక దరఖాస్తు రాసిందట. టైపు చెయ్యమని నాకే ఇచ్చి పోయింది.