రెండు తలుపుల ప్రార్థనాలయం

సింగపూర్‌లో మా సెరంగూన్ ఫ్లాట్‌కి ఎదురింట్లో ఈమధ్య వడ్రంగి పని జరుగుతోంది. నిన్న పొద్దున తలుపు తీయగానే అప్పుడే కోసిన పైన్ చెక్క వాసన గుప్పున వచ్చింది. కూరగాయల సంచీ చేతిలో పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. క్లెమెంటిలో టాన్ ఆంటీ ముందుగదిలో ఇదే వాసన ఉండేది. ఆవిడ భవనాల పటాలు గీసుకునే పెద్ద బల్ల పైన్ చెక్కది. దాని మీద గీతలు పడినప్పుడల్లా తనే కూర్చుని చిత్రిక పట్టుకునేది.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజుల్లో ఒంగోలు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి సింగపూర్ వచ్చాను. వన్-నార్త్‌లో ఆఫీసు, క్లెమెంటిలో అద్దె గది. ఆ గది ఇచ్చినావిడే టాన్ ఆంటీ. అప్పటికే ఆవిడకు డెబ్భై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. యూనివర్సిటీలో భవన నిర్మాణం గురించి పాఠాలు చెప్పి రిటైరయింది. వయసులో ఉండగా అమెరికాలో చదువుకుంటూ, ఒక వేసవంతా షేకర్లు అనే వాళ్ల పల్లెలో ఉండి, వాళ్ల ప్రార్థనాలయాన్ని అంగుళం అంగుళం కొలిచి వచ్చింది. అప్పటి నుంచీ దాని చరిత్ర రాస్తూనే ఉంది.

షేకర్లంటే ఎవరో నాకు తెలియదు. గదిలో దిగిన మొదటి ఆదివారం బల్ల మీద పటం పరిచి ఆవిడే చెప్పింది.

"వాళ్లు క్రైస్తవులే, కానీ పెళ్లిళ్లు చేసుకోరు. ఆడా మగా అక్కచెల్లెళ్లలా, అన్నదమ్ముల్లా ఒక చోట బతుకుతారు. ప్రార్థనంటే అడుగులు కలిపి నాట్యం చేయడం. అందుకే చూడు, హాలు మధ్యలో ఒక్క స్తంభం లేదు. కప్పు బరువంతా అటక మీది దూలాలే మోస్తాయి. మగవాళ్లకో తలుపు, ఆడవాళ్లకో తలుపు. లోపలి నేల మాత్రం అందరిదీ."

"పెళ్లిళ్లు లేకపోతే చివరికి ఎవరు మిగులుతారాంటీ?"

"మనుషులు మిగలరు. ఇల్లు మిగులుతుంది. అందుకే దాని గురించి నిజం రాయాలి."

అప్పటికే ఆవిడ చూపు మందగిస్తోంది. పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. పటాలు మాత్రం కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. శనివారాలు ఆ పని నేను చేస్తానన్నాను. పుస్తకానికి ప్రాణం లాంటి మాట ఒకటుంది: ఆ ప్రార్థనాలయం మొదటి తరం షేకర్లు కట్టిన చోటే, కట్టినట్టే నిలిచి ఉందని. ఆంటీ నలభై ఏళ్లుగా క్లాసుల్లోనూ సభల్లోనూ చెబుతూ వచ్చిన మాట అది.

ఆవిడ కొలతలన్నీ ఎక్కించాక చూస్తే పునాది రాళ్ల వరస గోడ కంటే జానెడు పొడుగు వచ్చింది. పాత నోట్‌బుక్ తీశాను. ఆ కొలత పక్కన "నేనే తప్పు కొలిచినట్టున్నాను" అని పెన్సిల్‌తో రాసుంది. అనుమానం తీరక ఆ వేసవిలో ఆవిడ తీసిన అటక ఫోటోలు పెద్దవి చేసి చూశాను. బిగించేటప్పుడు తికమక పడకుండా వడ్రంగులు దూలాల మీద ఉలితో వరస అంకెలు చెక్కుకుంటారు. ఇక్కడ మూడు తర్వాత ఆరు ఉంది, ఆ తర్వాత అయిదు, ఆపైన నాలుగు. ఎవరో ఒకప్పుడు ఆ ఇంటిని విప్పి, తనది కాని ఈ పునాది మీద మళ్లీ బిగించారు.

మూడు వారాలు నోరు మెదపలేదు. ఆవిడ పెట్టిన బియ్యపు కంజి తాగుతూ ఆవిడ మొహం చూడలేకపోయేదాన్ని. నాలుగో శనివారం ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

ఆంటీ భూతద్దం తీసుకుని ఫోటోల మీదికి వంగింది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసుకుంది.

"నలభై ఏళ్లు ఈ ఫోటోలు చూశాను సు," అంది చివరికి. నా పేరు సుజాత, ఆవిడకు నేను సు. "నాకు కావలసిందే చూశాను. నువ్వు ఎప్పుడు కనిపెట్టావు?"

"మూడు వారాలైంది. మీరు బాధపడతారని..."

"నా బాధ కంటే ఆ ఇల్లు పెద్దది. ముందు మకాన్, భోజనం. తిన్నాక ప్రచురణకర్తకు ఫోన్ చేస్తాను."

అన్నం తిన్నాక నిజంగానే చేసింది. "నేను తప్పు రాశాను, అచ్చు ఆపండి," అంది. అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసి ఆవిడ నన్ను కాగితం, కలం తెమ్మంది.

ఆ షేకర్ల పల్లెకు ఉత్తరం రాశాం. రెండు నెలలకు జవాబుతో పాటు ఒక షేకర్ సోదరి డైరీ నకలు వచ్చింది. ఆంటీకి అక్షరాలు ఆనడం లేదు, నేనే చదివి వినిపించాను. పొరుగున ఇంకో షేకర్ పల్లె ఉండేదట. మనుషులు తగ్గిపోయి దాన్ని మూసేయాల్సి వచ్చినప్పుడు, మిగిలిన ఆ కొద్దిమందీ తమ ప్రార్థనాలయాన్ని విప్పి, ఎడ్లు లాగే బండ్ల మీద మంచులోంచి తీసుకొచ్చి ఈ పల్లెకు ఇచ్చేశారట. వాళ్లూ వెంట నడిచి వచ్చి, ఇక్కడి వాళ్లతో కలిసి అదే నేల మీద మొదటి ప్రార్థన చేశారట.

ఆంటీ కళ్లు తుడుచుకుంది. "ఇన్నేళ్లూ కదలని ఇల్లని గొప్పగా చెప్పాను. కదిలినందుకే అది బతికింది!" అని నవ్వింది. సగం పుస్తకం తిరిగి రాయడానికి ఏడాది పట్టింది. ఆవిడ చెబుతుంటే నేను టైపు చేశాను.

ఆ ఏడాదే మా ఆఫీసులో, ప్రోగ్రామ్ అప్పగించాల్సిన వారంలో నేను రాసిన భాగంలోనే ఒక పెద్ద లోపం నా కంట పడింది. నేను తప్ప ఎవరూ చూడలేదు. మా మేనేజర్ గది ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మూడోసారి లోపలికి వెళ్లాను. ఆయన కేకలేశాడు. అప్పగింత వెనక్కి పోయింది, ఆ ఏడు నాకు ప్రమోషన్ రాలేదు. ఆ సాయంత్రం ఆంటీకి చెబితే, "మూడు వారాలు ఆగలేదు కదా?" అని అడిగింది. లేదన్నాను. నా పళ్లెంలో ఇంకో చేప ముక్క వేసింది.

పుస్తకం వచ్చినప్పుడు ఆవిడకు చూపు దాదాపు పోయింది. ముందుమాట చదవమంది. "ఈ ఇంటి గురించి నేను చాలా ఏళ్లు తప్పు చెప్పాను. దాన్ని సరిదిద్దింది నా గదిలో అద్దెకున్న సుజాత," అని మొదటి పేరాలోనే ఉంది. అక్కడ చదవడం ఆపేశాను. "చదువు, చదువు, ఇంకా ఉంది," అని ఆవిడ నా మోకాలు తట్టింది.

ఆంటీ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా కింద ఇరవై మంది పనిచేస్తున్నారు. ఇప్పటికీ నా పనిలో తప్పు కనిపిస్తే భయమేస్తుంది. అయినా లేచి వెళ్లి, అందరికంటే ముందు నేనే చెబుతాను.