బొంబాయి కొన్న రైతు

మొన్న ఆదివారం నేను బొంబాయి కొన్నానప్పా! నవ్వొద్దండి. టీ తాగుతా వినండి.

మా బావమరిది బెంగుళూరు నుంచి ఒక ఆట పెట్టె తెచ్చినాడు. అట్టమీద పెద్దపెద్ద ఊర్లు, పాచికలు, రంగురంగుల కాగితం నోట్లు. మనం కొన్న ఊర్లో ఇంకొకరు కాలు పెడితే మనకు బాడుగ కట్టల్ల. మా పిల్లోళ్ళ చేతిలో దుడ్డు నిలవదు, అంతా మిఠాయి అంగడికే. ఈ ఆటతోనన్నా బుద్ధి నేర్పుదామని కూర్చోబెట్టినా. మాస్టరు మాదిరి చెప్పినా గూడా: "అన్నం పెట్టే ఆస్తిని ఆశకు పోయి అమ్మగూడదు, తెలిసిందా?"

మా అమ్మా కూర్చునింది. తంటా అంతా ఆమెతోనే వచ్చె. మా నాయన హిందూపురం సంతలో ఎద్దుల దళారి కదా! "ధర నోటితో అరుస్తారేమిరా, సిగ్గులేకుండా? తువ్వాలు ఎయ్యి" అనె అమ్మ. ఇంకేముంది, సంతలో మాదిరే తువ్వాలు కింద వేళ్ళు నొక్కి బేరాలు. ఢిల్లీ అట్లే పాయె, మద్రాసూ అట్లే పాయె.

అంతలో మడకశిర గంగప్ప వచ్చినాడు. మా ఎద్దుల జతమీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను. ఐదు నూర్లిస్తానన్నా నేను ఇయ్యలే. "నేనూ ఆడతా" అని కూర్చుని, వచ్చీరాగానే బొంబాయి కొనేసినాడు! నాకు అదొక్కటే తక్కువ. అదొస్తే ఆట నాదే. ఎంత బతిమాలినా ఊహూఁ.

"నీ ఎద్దులియ్యి. బొంబాయి ఇచ్చి, పైన ఇంత ఇస్తా" అని తువ్వాలు కింద నా వేళ్ళు రెండు పట్టుకున్నాడు. రెండు నూర్లన్నమాట.

"వానొచ్చే కాలం, ఎద్దుల మాట ఎత్తొద్దు!" అని వంటింట్లోంచి మా ఇంటామె అరుస్తానే ఉండాది. ఎవరికి వినబడుతుంది? తలనిండా బొంబాయి. సరేనని ఆయన వేళ్ళు నొక్కేసినా!

తెల్లారేసరికి గంగప్ప రెండు నూర్లూ, కొత్త పలుపుతాళ్ళూ పట్టుకుని వాకిట్లో ఉన్నాడు.

"ఏమప్పా, అది ఆట కదా!"

"ఆటేన్నా. తువ్వాలు ఆట కాదు కదా?"

దీనంగా అమ్మ దిక్కు చూసినా. "తువ్వాలు కింద ఇచ్చిన మాట తప్పితే మీ నాయన పేరు ఏం గావల్ల?" అని ఆమే పోయి ఎద్దుల్ని విప్పిచ్చె. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నిన్న వాన పడింది. చేను దున్నల్ల. సిగ్గిడిచి గంగప్పనే అడిగితే, "దానికేమన్నా, బాడుగ కట్టి తోలుకుపో" అన్నాడు. నా ఎద్దులకు నేను బాడుగ!

ఇంటికొచ్చి చెప్తే మా చిన్నపాప, "అన్నం పెట్టే ఆస్తి అమ్మగూడదని నువ్వే అంటివే నాయనా?" అనె. మా ఇంటామె మాత్రం శాంతంగా చెప్పింది: "బాడుగ ఎందుకు దండగ? బొంబాయి ఉండాది కదా, ఆడికి పోయి దున్నుకో."

సరేగానీ, బొంబాయి ఓనరుకు ఇంకొక టీ చెప్పండప్పా. దుడ్లు మీరే ఇయ్యల్ల.